ఖాళీలను పూరింపుము: ఇంటర్వ్యూ గదిలో అభిప్రాయం ఎలా ఏర్పడుతుంది?

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థిని ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి "మీ గురించి చెప్పండి" అని అడిగితే, తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో చాలామంది నోట దాదాపు ఒకే జవాబు వస్తుంది. పేరు, ఊరు, పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, బీటెక్‌లో ఇప్పటిదాకా ఉన్న సగటు. ఆ తర్వాత నాన్నగారు రైతు, అమ్మ గృహిణి, ఒక చెల్లెలు. చివరగా తాను కష్టపడి పనిచేస్తానని, ఏదైనా త్వరగా నేర్చుకుంటానని, తన బలహీనత ఏమిటంటే చేపట్టిన పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టకపోవడమేనని. అంతా ఇంగ్లీషులో, కంఠతా పట్టిన పద్యంలా, మధ్యలో ఊపిరి తీసుకోకుండా సాగిపోతుంది. ఈ జవాబులో అబద్ధం లేకపోవచ్చు, వ్యాకరణ దోషమూ లేకపోవచ్చు. అయినా ఆ విద్యార్థి లేచి వెళ్లాక, బల్లకు అవతల కూర్చున్నవారి చేతిలోని కాగితం మీద కొత్తగా రాసుకోవడానికి ఒక్క మాటా మిగలదు.

మంచి అభిప్రాయం కలిగించడం అనగానే మనకు గుర్తొచ్చేవి ఇస్త్రీ చొక్కా, చిరునవ్వు, నిటారుగా కూర్చోవడం, తడబాటు లేని ఇంగ్లీషు. ఇవి పనికిరానివని అనడం లేదు. కానీ వీటి మీద పెట్టే శ్రద్ధ వెనక ఒక ఊహ ఉంది: అభిప్రాయం అనేది అభ్యర్థి ఎదుటివారి మనసు మీద వేసే ముద్ర అని, ముద్ర స్పష్టంగా ఉంటే పని జరిగినట్టేనని. జరిగేది మరో విధంగా ఉంటుంది. ఎదుటివారికి అభ్యర్థి గురించి తెలిసింది చాలా కొద్ది, తెలియనిది కొండంత. ఆ తెలియని భాగాన్ని వారు ఖాళీగా ఉంచరు, ఉంచలేరు. తమకు కనబడిన కాస్త ఆధారంతో, తమకున్న అలవాట్లతో, ఒక్కోసారి తమ పక్షపాతాలతో నింపేసుకుంటారు. చిన్నప్పటి ప్రశ్నపత్రంలో "ఖాళీలను పూరింపుము" అని ఉండేది గదా; ఇంటర్వ్యూలో ఆ పని అడిగేవారు చేస్తారు. కాబట్టి అభ్యర్థి చేతిలో నిజంగా ఉన్నది, ఖాళీలు ఎన్ని మిగలాలి, ఎక్కడ మిగలాలి అన్నది మాత్రమే.

మొదటి మాట బరువు

మనుషుల గురించి మనం అభిప్రాయం ఎలా కూర్చుకుంటామో పరిశీలించినవారిలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముఖ్యుడు. 1946లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆయన ఒక మనిషిని ఆరు విశేషణాలతో వర్ణించి, అతడెలాంటివాడో చెప్పమన్నాడు. ఒక బృందానికి చదివిన వరస ఇది: తెలివైనవాడు, కష్టజీవి, ఆవేశపరుడు, తప్పులెంచేవాడు, మొండివాడు, అసూయాపరుడు. రెండో బృందానికి అవే ఆరు మాటలను వెనకనుంచి ముందుకు చదివారు. మొదటి బృందం దృష్టిలో అతడు కొన్ని లోపాలున్నా సమర్థుడైన మనిషి. రెండో బృందం దృష్టిలో లోపాల వల్ల సామర్థ్యం మరుగున పడ్డ మనిషి. మాటల్లో తేడా లేదు, వరసలోనే ఉంది. ముందు విన్న మాట తరవాతి మాటల అర్థాన్నే మార్చేస్తుంది: తెలివైనవాడి మొండితనం పట్టుదలగా వినబడుతుంది, అసూయాపరుడి తెలివి జిత్తులమారితనంగా వినబడుతుంది.

అంతకు చాలా ముందే, 1920లో, ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరో సంగతి గమనించాడు. సైన్యంలో పై అధికారులు తమ కిందివారికి శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక వంటి వేర్వేరు అంశాల్లో విడివిడిగా మార్కులు వేసినప్పుడు, ఒకదానిలో ఎక్కువ వేసినవారికి మిగతా వాటిలోనూ ఎక్కువే వేశారు. నిలువెత్తు మనిషి తెలివైనవాడిగానూ కనబడ్డాడన్నమాట. ఒక గుణం చుట్టూ వెలుగు అలుముకుని పక్కనున్న గుణాలను కూడా వెలిగించడాన్ని ఆయన దేవతా చిత్రాల్లో తల వెనక ఉండే కాంతివలయంతో పోల్చాడు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడిన కుర్రవాడికి కోడింగ్ కూడా బాగా వచ్చి ఉంటుందని అనుకోవడం ఈ కోవలోదే.

ఈ రెండూ తెలిసినవారు వెంటనే చెప్పే సలహా ఒకటి ఉంది: ఇంటర్వ్యూ తొలి నిమిషంలోనే తేలిపోతుంది, కాబట్టి ఆ నిమిషాన్ని గెలవండి అని. ఈ మాట ఎంత ప్రచారంలో ఉందో అంత నిజం కాదు. కెనడాలో స్ప్రింగ్‌బెట్ అనే పరిశోధకుడు 1950ల్లో చేసిన పరిశీలనలో నిర్ణయాలు సగటున నాలుగు నిమిషాల్లోనే జరిగిపోతున్నట్టు కనబడింది. ఆ సంఖ్య అప్పటినుంచి శిక్షణ తరగతుల్లో తిరుగుతూనే ఉంది. కానీ 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం, ఆరువందలకు పైగా నిజమైన ఇంటర్వ్యూలను పరిశీలించి, మొదటి నిమిషంలోనే మనసు స్థిరపరచుకున్నవారు ఐదు శాతం చుట్టుపక్కలే ఉన్నారని, ఎక్కువ నిర్ణయాలు ఐదో నిమిషం దాటాకే జరుగుతున్నాయని చూపింది. తొలి చూపు తీర్పు కాదు. అయితే తరవాత వినే జవాబులను ఏ చెవితో వినాలో అది నిర్ణయిస్తుంది. గడప దగ్గర కాస్త తడబడినంత మాత్రాన అంతా అయిపోయిందని కుంగిపోయి, మిగిలిన ఇరవై నిమిషాలనూ చేజేతులా పోగొట్టుకునేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

అడిగేవారికి కనబడనిది

అభ్యర్థులకు సాధారణంగా ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మామూలు కబుర్ల రూపంలో జరిగే ఇంటర్వ్యూ, మనుషులను అంచనా వేయడానికి అంత మంచి సాధనం కాదు. జేసన్ డానా, రాబిన్ డాస్, నథానియెల్ పీటర్సన్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం 2013లో ప్రచురితమైంది. విద్యార్థులు తోటి విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి, వారికి వచ్చే మార్కుల సగటును ఊహించాలి. జవాబు చెప్పేవారిలో కొందరికి మాత్రం రహస్యంగా ఒక సూచన ఇచ్చారు: ప్రశ్న ఏదైనా సరే, అవును, కాదు అన్న జవాబును ఒక యాదృచ్ఛిక నియమం ప్రకారం చెప్పమని. అలా అర్థంపర్థం లేకుండా వచ్చిన జవాబులను విన్నవారు కూడా, ఎదుటి మనిషి తమకు చక్కగా అర్థమయ్యాడనే భావనతోనే బయటికి వచ్చారు. పాత మార్కులు మాత్రమే చూసి వేసిన అంచనా కంటే, ఇంటర్వ్యూ కూడా చేసి వేసిన అంచనా ఎక్కువ తప్పింది.

నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ నమ్మకమే. పొంతన లేని జవాబుల నుంచి కూడా మనసు ఒక పొందికైన మనిషిని తయారుచేసుకోగలదు. ఖాళీలు పూరించేవారికి, తాము పూరిస్తున్నామన్న స్పృహ ఉండదు. తాము చూస్తున్నామనే అనుకుంటారు.

దీనికి విరుగుడు కూడా చాలాకాలంగా తెలిసినదే. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో అడగడం. ఆ ప్రశ్నలను ఉద్యోగంలో చేయవలసిన పని నుంచే తీసుకోవడం. ఏ జవాబుకు ఎంత అన్నది ముందే రాసిపెట్టుకుని, జవాబు విన్న వెంటనే మార్కు వేయడం. ఇలా కట్టుదిట్టంగా జరిగే ఇంటర్వ్యూ, ఉద్యోగంలో తరవాత కనబడే పనితీరుతో చెప్పుకోదగ్గ సంబంధం చూపుతుంది. పాల్ శాకెట్ అనే పరిశోధకుడి బృందం 2022లో పాత అధ్యయనాలన్నిటినీ తిరగేసి లెక్క సరిచేసినప్పుడు, ఎంపిక పద్ధతులన్నిటిలో ఈ రకం ఇంటర్వ్యూయే ముందు నిలిచింది. అయినా ఆ సంబంధాన్ని కొలిచే గుణకం 0.42 మాత్రమే. పూర్తి సంబంధం ఉంటే అది 1 కావాలి. మేలైన పద్ధతి కూడా ఇంత దూరమే చూడగలుగుతోందన్నమాట.

కుటుంబం గురించిన ప్రశ్న

మళ్లీ "నాన్నగారు రైతు, అమ్మ గృహిణి" దగ్గరికి వద్దాం. ఈ వాక్యం మన పిల్లల జవాబులోకి ఎలా వచ్చిందో గానీ, దీన్ని వినాలనుకునేవారు అవతల ఉన్నారన్నది మాత్రం నిజం. సామాజిక శాస్త్రవేత్తలు సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ ఢిల్లీ పరిసరాల్లోని పెద్ద కంపెనీల నియామక అధికారులతో మాట్లాడి 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. ప్రతిభ ఒక్కటే తమకు ముఖ్యమని గట్టిగా చెప్పిన ఆ అధికారులే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడగడం కూడా అవసరమని చెప్పారు. తండ్రి చదువు, ఉద్యోగం, పెరిగిన ఊరు, అన్నదమ్ముల చదువులు తెలిస్తే మనిషి తెలుస్తాడని వారి విశ్వాసం. అడిగేవారికి దురుద్దేశం ఉండనక్కర్లేదు. కానీ తరతరాలుగా చదువూ ఉద్యోగమూ దక్కిన ఇంటి నుంచి వచ్చిన పిల్లలకు ఈ ప్రశ్న మెట్టు అవుతుంది, మొదటి తరం చదువుకున్న పిల్లలకు గోడ అవుతుంది. అదే ఏడాది సుఖదేవ్ థోరాట్, పాల్ అటీవెల్ ప్రచురించిన అధ్యయనం మరో అడుగు ముందుకు వేసి, సమానమైన అర్హతలున్న దరఖాస్తుల్లో ఇంటిపేరు దళితులదిగానో ముస్లింలదిగానో కనబడితే ఇంటర్వ్యూ పిలుపులే తగ్గుతున్నాయని చూపింది. ఆ గదిలో అడుగుపెట్టక ముందే ఒక ఖాళీ పూరింపబడిపోతోంది.

న్యాయస్థానాలు కూడా ఈ సంగతిని పట్టించుకున్నాయి. శ్రీనగర్‌లోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాల్లో రాతపరీక్షకు 100 మార్కులు, మౌఖిక పరీక్షకు 50 మార్కులు ఉండేవి. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే ఇచ్చారని, ఆ కాస్త సమయంలోనూ తల్లిదండ్రుల గురించి, నివాసం గురించే అడిగారని విద్యార్థులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అజయ్ హాసియా కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యంలో జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన తీర్పు, మొత్తం మార్కుల్లో మూడో వంతును మౌఖిక పరీక్షకు కేటాయించడం నిరంకుశమని, పదిహేను శాతానికి మించకూడదని చెప్పింది. ఇంటర్వ్యూలను టేపు మీద రికార్డు చేయడం మంచిదని కూడా సూచించింది. అది ప్రవేశాల కేసు. ఉద్యోగాల విషయంలో 1985లో హర్యానా పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు సంబంధించిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో, యూపీఎస్సీ అప్పట్లో పాటిస్తున్న 12.2 శాతాన్ని కోర్టు కొలబద్దగా తీసుకుంది. నేటికీ సివిల్స్‌లో 2025 మార్కులకు గాను ఇంటర్వ్యూకు 275, అంటే పదమూడున్నర శాతం. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి ఉద్యోగాలకు, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను ఎత్తివేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాలకు ఇంటర్వ్యూలు వద్దనుకుంది. గ్రూప్-1 మొత్తం మార్కులు 1000 నుంచి 900కు దిగాయి. ఇంటర్వ్యూలో పక్షపాతానికి చోటుందన్న భయం ఎంత బలమైనదో ఈ నిర్ణయాలే చెబుతాయి.

ప్రైవేటు కంపెనీల్లో ఇలాంటి హద్దులేవీ లేవు. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని ఆడపిల్లలను అడిగే ప్యానెళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ప్రశ్నకు అభ్యర్థి ఎంత చక్కటి జవాబు తయారుచేసుకున్నా, ప్రశ్నలోని అన్యాయం పోదు; దాన్ని సరిదిద్దవలసింది కంపెనీయే. మంచి అభిప్రాయం కలిగించే బాధ్యతనంతా అభ్యర్థి నెత్తిన పెట్టే సలహాలతో నాకున్న పేచీ ఇదే.

మేము చేశాం, నేను చేశాను

అయితే అభ్యర్థి చేతిలో ఉన్న భాగం చిన్నదేమీ కాదు. తెలుగు ఇళ్లలో పెరిగినవారికి "నేను" అనడం మొదటినుంచీ కాస్త ఇబ్బందే. తనను తాను పొగుడుకోవడం తప్పని, నలుగురి పనిని నలుగురిదిగా చెప్పడమే మర్యాదని నేర్చుకుంటాం. అది మంచి సంస్కారమే. కానీ ఇంటర్వ్యూలో "మేము చేశాం" అన్న మాట వినగానే అవతలివారికి ఒక పెద్ద ఖాళీ ఏర్పడుతుంది: ఇందులో ఈ అమ్మాయి చేసింది ఏమిటి? అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్ముతారన్న సంగతి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేసేవారందరికీ తెలుసు. కాబట్టి ఆ ఖాళీని వారు ఏ ఊహతో పూరిస్తారో చెప్పనక్కర్లేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే సాఫ్ట్‌వేర్‌ను నలుగురు విద్యార్థులు ప్రాజెక్టుగా చేశారు. వారిలో ఆదోని నుంచి వచ్చిన అమ్మాయిని దాని గురించి అడిగారు. "పైథాన్ వాడి, ముఖాలను గుర్తించే హాజరు వ్యవస్థను రూపొందించాం, దీనివల్ల సమయం ఆదా అవుతుంది" అని చెబితే, అది ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీ. అదే అమ్మాయి ఇలా చెప్పవచ్చు: "నలుగురం చేశాం సార్. ఫొటోలు సేకరించి సిద్ధం చేసే పని నాది. క్లాసులో అరవైమందివి, ఒక్కొక్కరివి ఇరవై చొప్పున తీశాను. ఉదయం బాగానే పనిచేసేది గానీ, మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చున్నవారిని గుర్తుపట్టేది కాదు. వెలుతురు వెనకనుంచి పడటం వల్ల ముఖం నల్లగా వస్తోందని తరవాత తెలిసింది. ఆ వేళప్పుడు మళ్లీ ఫొటోలు తీసి కలిపాను. తప్పులు తగ్గాయి, పూర్తిగా పోలేదు." ఇందులో గొప్ప విజయమేమీ లేదు. కానీ ఏం చేసిందో, ఎక్కడ ఆగిందో, ఎలా కనుక్కుందో, ఎంతవరకు కుదిరిందో ఉంది. కిటికీ పక్క బెంచీ సంగతి కొనుక్కున్న ప్రాజెక్టులో ఉండదు. "పూర్తిగా పోలేదు" అన్న చివరి మాట, ముందు చెప్పిన వాటన్నిటినీ నమ్మదగినవిగా చేస్తుంది.

"నాన్నగారు రైతు" అన్న వాక్యాన్ని కూడా ఇదే విధంగా మార్చుకోవచ్చు. బ్యాంకులోనో, ఫైనాన్స్ సంస్థలోనో ఉద్యోగానికి వచ్చిన డిగ్రీ విద్యార్థి, "మా నాన్నగారు ఐదెకరాల్లో పత్తి వేస్తారు, ఇంటర్ నుంచి విత్తనాలు, ఎరువులు, కూలీల లెక్కంతా నేనే రాస్తున్నాను, కొట్టులో అరువు మీద ఎరువు తెస్తే ధర ఎంత ఎక్కువ పడుతోందో లెక్కగట్టి ఇంట్లో చూపించాను" అని చెప్పాడనుకోండి. కుటుంబ నేపథ్యం గురించిన ప్రశ్న అతడు చేసిన పని గురించిన జవాబుగా మారిపోయింది. తండ్రి వృత్తి చెప్పి ఊరుకుంటే ఎదుటివారు పల్లెటూరి పిల్లల గురించి తమకున్న ఊహతో మిగతాది నింపుకుంటారు; లెక్కల పుస్తకం చూపిస్తే ఆ ఊహకు చోటుండదు.

ఇలాంటి సంఘటనలు అప్పటికప్పుడు గుర్తురావు. ఇంటర్వ్యూకు ముందు ఉద్యోగ ప్రకటనను దగ్గర పెట్టుకుని, అందులో అడిగిన ఒక్కో నైపుణ్యానికి తన జీవితంలోంచి ఒక్కో సంఘటనను వెతికి, నాలుగు ముక్కల్లో కాగితం మీద పెట్టుకోవాలి: పరిస్థితి ఏమిటి, తన వంతు ఏమిటి, ఏం చేశాను, ఏమైంది. ఐదారు సంఘటనలు సిద్ధంగా ఉంటే ఎన్నో ప్రశ్నలకు అవే సరిపోతాయి. వాక్యాలను బట్టీ పట్టకూడదు, సంగతులను గుర్తుంచుకోవాలి. బట్టీ పట్టిన వాక్యం మధ్యలో ఎవరైనా అడ్డొచ్చి ప్రశ్న వేస్తే, తెగిన దారాన్ని మళ్లీ మొదటినుంచి అందుకోవలసి వస్తుంది. ఆ క్షణంలో జవాబు అరువు తెచ్చుకున్నదని తెలిసిపోతుంది.

తెలియదు అని చెప్పడం

తెలియని ప్రశ్న వచ్చినప్పుడు మనవాళ్లు ఎక్కువగా చేసేవి రెండు: మౌనంగా తల దించుకోవడం, లేదా తోచింది ఏదో చెప్పుకుంటూ పోవడం. మొదటిది ప్రశ్నకు మించిన ఖాళీని మిగులుస్తుంది. రెండోది అప్పటిదాకా చెప్పిన సరైన జవాబుల మీద కూడా అనుమానం తెస్తుంది. మూడో దారి ఒకటుంది. "ఇది నాకు తెలియదు సార్; దీనికి దగ్గరగా నాకు తెలిసింది ఫలానా; దాన్నిబట్టి ఇలా ఉండవచ్చని అనుకుంటున్నాను, సరో కాదో చూసుకోవాలి" అని చెప్పడం. యూపీఎస్సీ తన ప్రకటనలోనే, ఇంటర్వ్యూ పద్ధతి క్రాస్ ఎగ్జామినేషన్ లాంటిది కాదని, అభ్యర్థి మానసిక లక్షణాలు బయటపడేలా ఒక ఉద్దేశంతో సాగే సహజమైన సంభాషణ అని చెబుతుంది. తెలియని చోట మనిషి ఎలా ఆలోచిస్తాడో చూడటం కూడా అందులో భాగమే. ఉద్యోగంలో చేరాక రోజూ ఎదురయ్యేది తెలియని పనే గదా.

లేని అనుభవాన్ని రెజ్యుమేలో చూపించడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా ఇచ్చేవారు మన మధ్య చాలామంది ఉన్నారు. ఉత్తుత్తి కంపెనీ పేరుతో మూడేళ్ల అనుభవం పెట్టుకుంటే పిలుపు రావచ్చు. కానీ కంపెనీలు నియామకానికి ముందు పాత ఉద్యోగాల వివరాలను, భవిష్యనిధి (పీఎఫ్) ఖాతా చరిత్రతో సహా, సరిచూసుకుంటాయి. అంతకంటే ముందే, మూడేళ్లు పనిచేసినవాడికి తప్పకుండా ఉండవలసిన కిటికీ పక్క బెంచీ లాంటి జ్ఞాపకం ఒక్కటీ లేదని రెండో ప్రశ్నకే తేలిపోతుంది. చేరిన రెండేళ్ల తరవాత బయటపడి ఉద్యోగం పోగొట్టుకున్నా, ఆ మచ్చను మోయవలసింది సలహా ఇచ్చినవాడు కాదు.

ఇంగ్లీషు, చూపు

తెలుగు మీడియంలో చదివినవారిని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇంగ్లీషు. ఆ భయంలోంచి వేగం పుడుతుంది. త్వరగా మాట్లాడితే బాగా వచ్చినట్టు కనబడుతుందని అనుకుంటారు. నిజానికి వేగం వల్ల మాటల చివరలు వినబడకుండా పోయి, ఎదుటివారికి సగమే చేరుతుంది. చిన్న చిన్న వాక్యాల్లో, ఒక్కో సంగతిని ముగించి మరోదానికి వెళ్తూ మాట్లాడితే వ్యాకరణం కూడా దానంతటదే కుదుటపడుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం తప్పు కాదు. అర్థం కాని ప్రశ్నకు వేరే ప్రశ్న జవాబు చెప్పడమే నష్టం. జవాబుకు ముందు నాలుగైదు క్షణాలు ఆలోచించుకుంటే, ఆ నిశ్శబ్దం మాట్లాడవలసినవారికి యుగంలా తోస్తుంది గానీ, వింటున్నవారు ఆ వ్యవధిలో పాత జవాబును రాసుకుంటూ ఉంటారు. యూపీఎస్సీ వంటి చోట్ల మెయిన్స్ తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు. ఆ అవకాశాన్ని తక్కువతనంగా భావించి వదులుకోనక్కర్లేదు.

పెద్దవారి కళ్లలోకి సూటిగా చూస్తూ జవాబు చెప్పడాన్ని మన ఇళ్లలో ఎదురు చెప్పడం అంటారు. బడిలోనూ అంతే. అలా పెరిగిన పిల్లవాడు ప్యానెల్ ముందు బల్ల వంక చూస్తూ మాట్లాడితే అది వినయం. కానీ బల్లకు అవతల, ముఖ్యంగా వేరే ప్రాంతం నుంచో దేశం నుంచో వచ్చినవారికి, అది ఆత్మవిశ్వాసం లేకపోవడంగానో, ఏదో దాస్తున్నట్టుగానో కనబడవచ్చు. రెప్ప వేయకుండా చూడమని కాదు. ప్రశ్న అడిగినవారి వంక చూస్తూ మొదలుపెట్టి, మధ్యలో మిగతావారి వంక కూడా చూస్తే చాలు. దీన్ని అద్దం ముందు కంటే, పరిచయం తక్కువగా ఉన్న ఒక పెద్దాయన ముందు కూర్చుని నాలుగుసార్లు అభ్యాసం చేయడం మేలు.

బట్టల గురించి చెప్పవలసింది తక్కువ: శుభ్రంగా, ఒంటికి సరిపోయేలా, ఇంతకు ముందు ఒకసారైనా వేసుకున్నవై ఉండాలి. సమయం గురించి మాత్రం ఒక మాట. మాదాపూర్, గచ్చిబౌలి వైపు మొదటిసారి వెళ్లేవారు రాయదుర్గం మెట్రో దాకా పట్టే సమయాన్నే లెక్కవేసుకుంటారు. గేటు దగ్గర ఆధార్ చూపించి, విజిటర్ పాస్ రాయించుకుని, సరైన టవర్ వెతుక్కుని, లిఫ్టు కోసం నిలబడేసరికి మరో అరగంట పట్టవచ్చన్నది మరిచిపోతారు. వీడియో ఇంటర్వ్యూ అయితే వెలుతురు ముఖానికి ఎదురుగా ఉండాలి, కెమెరా కంటి ఎత్తులో ఉండాలి, కరెంటు పోతే వాడుకోవడానికి ఫోన్లో డేటా ఉండాలి. పక్క స్క్రీన్ మీద జవాబులు పెట్టుకుని చదివేవారి కళ్లు వరసలు వరసలుగా కదలడం అవతలివారికి స్పష్టంగా కనబడుతుంది.

చివర్లో "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అన్నప్పుడు "ఏమీ లేదు సార్" అనేవారే ఎక్కువ. జీతం, సెలవుల సంగతి ఆఫర్ వచ్చాక మాట్లాడుకోవచ్చు. ఈ ఉద్యోగంలో చేరినవారు మొదటి ఆరు నెలల్లో ఏ పని చేస్తారు, ఆ పనిలో కొత్తవారికి కష్టమయ్యేది ఏది అని అడిగితే, అభ్యర్థి మనసు ఎక్కడుందో తెలుస్తుంది. పైగా అక్కడ చేరాలో లేదో తేల్చుకోవడానికి తనకూ కొంత ఆధారం దొరుకుతుంది.

ఇవన్నీ చేసినా రాకపోవచ్చు. ఎంపిక కాలేదన్న మెయిల్ వచ్చిన రాత్రి, తనలో ఏదో లోపముందని నమ్మేసుకునే పిల్లలకు నేను చెప్పాలనుకునేది 1979లో అమెరికాలో జరిగిన ఒక సంగతి. హ్యూస్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఆ ఏడాది దాదాపు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, వరసగా ర్యాంకులు ఇచ్చి, పై వరసల నుంచి 150 మందిని చేర్చుకుంది. అంతలో రాష్ట్ర శాసనసభ మరో 50 సీట్లు పెంచమని ఆదేశించింది. అప్పటికే పై ర్యాంకులవారు వేరే కాలేజీల్లో చేరిపోయారు. మిగిలింది జాబితా అడుగున, ఏడువందల తరవాత ఉన్నవారు. వారిలో చాలామందికి మరే వైద్య కళాశాలలోనూ సీటు రాలేదు. ఆ యాభైమందినీ చేర్చుకున్నారు. తరవాత పరిశోధకులు రెండు బృందాల చదువునూ, ఆసుపత్రి శిక్షణనూ, పట్టా పుచ్చుకున్నాక మొదటి ఏడాది పనినీ పోల్చి చూసి 1987లో ఫలితాలు ప్రచురించారు. చదువు మధ్యలో మానేసినవారి సంఖ్యలో గానీ, మార్కుల్లో గానీ, గౌరవ పురస్కారాల్లో గానీ, ఇంటర్వ్యూలో నెగ్గినవారికీ, అదే ఇంటర్వ్యూలో అడుగున మిగిలినవారికీ మధ్య వారికి తేడా కనబడలేదు.